బోర్డు రాసే మామ: ఒక చిన్న బొమ్మల పుస్తకం తయారీ డైరీ

జూన్, మొదటి వారం

అనంతపురంలో నలభై ఏళ్లకు పైగా దుకాణాల బోర్డులు రాసిన మా మేనమామ పనిని బొమ్మల కథగా గీసి, 24 పేజీల చిన్న పుస్తకంగా జిరాక్స్ తీసి, మధ్యలో పిన్ను కొట్టి, ముందుగా మన ఊళ్లోనే చదివించాలన్నది ఈ ప్రాజెక్టు. ఆఫీసు నుంచి వచ్చాక దొరికే సాయంత్రాలను, ఆదివారాలను దీనికి కేటాయించాను. ఏ దశలో ఏ నిర్ణయం తీసుకున్నానో, దానికి కారణమేమిటో రాసి పెట్టుకుంటే, బొమ్మల పుస్తకం సొంతంగా వేసుకోవాలనుకునే మరొకరికి అక్కరకు వస్తుందన్న ఉద్దేశంతో ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

కామిక్స్ అంటే వీరులు, రాక్షసులు, అడవి మనుషులు అనుకునే వయసు దాటిన చాలా కాలానికి, బెంగుళూరు చర్చి స్ట్రీట్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో నాకు మరో రకం కామిక్స్ కనిపించాయి. వాటిని వేసేది చిన్న ప్రచురణకర్తలు, కొన్నిసార్లు గీసినవారే. వాటిలోని మనుషులు బొమ్మలు గీస్తారు, కథలు రాస్తారు, పొద్దున లేచి ఉద్యోగానికి వెళతారు, అద్దె కడతారు, రాత్రి మళ్లీ బల్ల ముందు కూర్చుంటారు. సృజన చేసేవాడి జీవితమే అక్కడ కథావస్తువు. అలాంటి పుస్తకాలను ఒకటి తర్వాత ఒకటి చదువుతున్నకొద్దీ, ఇలాంటి జీవితం మా ఇంట్లోనే ఒకటి ఉందనీ, దాన్ని ఎవరూ గీయలేదనీ అర్థమైంది.

జూన్, మూడో ఆదివారం

గీయడానికి ముందు, నన్ను ఈ పనిలోకి దింపిన పుస్తకాలు కథను ఎలా నడిపాయో మళ్లీ చూసుకున్నాను. 

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హార్వీ పీకార్ అనే ఆయన మాజీ సైనికుల ఆసుపత్రిలో ఫైళ్ల గుమాస్తా. ఆయనకు బొమ్మలు గీయడం రాదు. గడులు గీసి, వాటిలో పుల్లల మనుషులను పెట్టి, మాటలు రాసి ఇస్తే, రాబర్ట్ క్రంబ్ వంటి చిత్రకారులు బొమ్మలు వేసేవారు. 1976లో తన డబ్బుతోనే ‘అమెరికన్ స్ప్లెండర్’ మొదటి సంచిక వేశాడు. పేరు వచ్చిన తర్వాత కూడా ఆ గుమాస్తా ఉద్యోగం మానలేదు, 2001లో పదవీ విరమణ దాకా చేశాడు. ఆయన కథల్లో పెద్ద సంఘటనలు అరుదు. దుకాణంలో వరసలో నిలబడటం, తోటి ఉద్యోగి చెప్పిన మాట, రాయడానికి తీరిక దొరకని సాయంత్రం వంటివే ఎక్కువ. పనిదినమంతటినీ కథగా భావించే ధైర్యం నాకు ఆయన దగ్గర దొరికింది.

జాన్ పోర్సెలినో అనే మరో అమెరికా కామిక్ చిత్రకారుడు 1989 నుంచి ‘కింగ్ క్యాట్’ అనే పత్రికను ఫోటోకాపీ తీసి, మడిచి, పిన్ను కొట్టి, టపాలో పంపుతూ వచ్చాడు. ఆయన గీతలు చాలా తక్కువ. నీడలు ఉండవు, నలుపు ముద్దలు ఉండవు, ఖాళీ తెలుపే ఎక్కువ. ఆ గీతకూ జిరాక్స్ యంత్రానికీ చక్కగా కుదిరిందని ఏ పేజీ చూసినా తెలుస్తుంది. అచ్చయ్యే పద్ధతిని దృష్టిలో పెట్టుకొని గీయాలన్న పాఠం అది.

మూడోది జపాన్ చిత్రకారుడు యోషిహిరో తత్సుమి గీసిన ఆత్మకథ. ఆంగ్లంలో 2009లో మాంట్రియల్‌కు చెందిన డ్రాన్ అండ్ క్వార్టర్లీ ప్రచురించిన ఈ పుస్తకం 800 పేజీలకు పైబడినది. 1945లో యుద్ధం ముగిసిన నాటి నుంచి కథ మొదలవుతుంది. ఒసాకాలో అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాల కోసం బొమ్మల కథలు గీసే కుర్రవాళ్లు, వాళ్లకు పేజీ లెక్కన డబ్బులిచ్చే ప్రచురణకర్తలు, గడువులు, పోటీలు, అన్నదమ్ముల మధ్య అసూయలు, వీటన్నిటి నడుమ ఒక కొత్త రకం కథన పద్ధతి ఎలా పుట్టిందో అందులో ఉంటుంది. మన ఊళ్లలోనూ రోజుకింత అని అద్దెకు నవలలిచ్చే దుకాణాలు ఉండేవి కనుక, ఆ వాతావరణం నాకు పరాయిదిగా అనిపించలేదు. కళ ఎంత సొంతమైనదైనా దాని చుట్టూ ఒక అంగడి ఉంటుందని, ఆ అంగడిని దాచిపెడితే కళాకారుడి జీవితం సగమే చెప్పినట్లని ఈ పుస్తకం గట్టిగా చెబుతుంది.

మన దేశంలో మిథిలా చిత్రకారిణి దులారీ దేవి, ఇళ్లలో పనిచేస్తూ తాను కుంచె పట్టిన తీరును బొమ్మల్లోనే చెప్పుకున్నారు. చెన్నైలోని తారా బుక్స్ దాన్ని పుస్తకంగా తెచ్చింది. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అది కామిక్ కాదు, చిత్రకథ. అయినా చేతిపనితో బతికే మనిషి తన పని గురించి తానే మాట్లాడితే ఎంత బరువు ఉంటుందో చూడాలంటే ఆ పుస్తకం చాలు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకున్నాక నా పుస్తకానికి ఒక నియమం స్థిరపడింది: మామ సాధించిన పేరు గురించి ఒక్క పేజీ కూడా ఉండదు, పని జరుగుతున్న గంటలు మాత్రమే ఉంటాయి.

జులై, రెండో వారం

మామ ఇప్పుడు బోర్డులు తక్కువగా రాస్తున్నారు. బడి గోడలు, గుడి దాతల పేర్లు, లారీల వెనుక పలకలు, అప్పుడప్పుడు పాత పరిచయస్తుల దుకాణాలు మాత్రం ఇంకా ఆయన దగ్గరికే వస్తాయి. ఈ వారం పాతవూరు వైపు ఒక కిరాణా అంగడికి రేకు బోర్డు రాస్తుంటే పక్కన కూర్చొని స్కెచ్ పుస్తకం నింపాను.

పని వేకువనే మొదలైంది. ఎండెక్కితే రేకు కాలి, ఎనామెల్ రంగు కుంచె కింద సాగకుండా పట్టేస్తుంది కాబట్టి అనంతపురంలో ఈ పనికి ఉదయపు గంటలే అనువు. ముందుగా నూలు దారాన్ని సుద్దపొడిలో ముంచి, ఒక కొస నన్ను పట్టుకోమని, రెండో కొస తాను లాగి పట్టి, నడుమ వేలితో మీటి వదిలారు. రేకు మీద తిన్నగా తెల్లని అడ్డగీత పడింది. అలా కింద ఒకటి, పైన ఒకటి. ఆ రెండు గీతల మధ్య అక్షరాల పొట్టలు మాత్రమే ఇముడుతాయి. గుడుల వంటివి పై గీత దాటి వెళతాయి. ఒత్తుల కోసం కింది గీతకు దిగువన మరో సన్నని గీత వేశారు.

తర్వాత సుద్దముక్కతో అక్షరాల ఆనవాళ్లు. కొలబద్ద వాడలేదు. మొదటి అక్షరం, చివరి అక్షరం, సరిగ్గా నడిమి అక్షరం రాసుకొని, మిగిలినవి వాటి మధ్య సర్దారు. కుంచె పట్టాక ఇంకా ఆసక్తికరమైన విషయం చూశాను. ఆయన అక్షరాన్ని ఒక్కసారిగా పూర్తి చేయరు. వరసలోని అన్ని అక్షరాల గుండ్రని భాగాలను ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోయి, మళ్లీ మొదటికొచ్చి తలకట్లన్నీ పెట్టారు. కారణం అడిగాను.

“తలకట్టు కడాన పెడతా పాపా. అన్నీ ఒగే చేత్తో, ఒగే వాటంలో రావాల. ఒగోటి ఒగోసారి పెడితే ఒగటి లేస్తాది, ఒగటి పంటాది.”

ఈ మాటలు యథాతథంగా ఎనిమిదో పేజీలోకి వెళతాయి. కథనం రాసే పట్టీల్లో పుస్తక భాష, మాటల బుడగల్లో మామ నోటి మాట, ఇదీ పుస్తకమంతటా పాటించబోయే పద్ధతి. మామ భాషను సరిదిద్దితే ఆయన చేయి చెప్పే లెక్క కూడా మారిపోతుంది.

కుడిచేతి మణికట్టు కింద ఆనుకోవడానికి ఒక సన్నని కర్ర, దాని కొనకు గుడ్డ చుట్టి ఉంది. తడి రంగుకు చేయి తగలకుండా ఆ కర్రను ఎడమచేత్తో పట్టుకొని, దాని మీద కుడిచేతిని జార్చుకుంటూ రాస్తారు. ‘ళ’ రాసేటప్పుడు మాత్రం కర్ర తీసేసి భుజం నుంచి చేయి తిప్పారు. ఈ తేడా కనిపించాలంటే ముఖం ఉన్న గడులు తగ్గించి చేతులున్న గడులు పెంచాలి. అందుకని మొదటి ఆరు పేజీల్లో మామ ముఖం కనిపించదు. చేతులు, రంగు డబ్బా మూత, దారం, కర్ర, రేకు మీద పాకే వెలుగు మాత్రమే కనిపిస్తాయి.

జులై చివర

డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారైంది. ఏ4 కాగితాన్ని నడిమికి మడిస్తే ఏ5 సైజులో నాలుగు పేజీలు వస్తాయి, కాబట్టి సెంటర్ పిన్ను పుస్తకంలో పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగింపబడాలి. 24 పేజీలకు ఆరు కాగితాలు. అట్ట వేరు.

ఏ పేజీ పక్కన ఏ పేజీ అచ్చవ్వాలో తెలుసుకోవడానికి తేలికైన లెక్క ఉంది. ఒకే కాగితంలో ఒకే వైపున పడే రెండు పేజీల సంఖ్యలను కూడితే మొత్తం పేజీల కంటే ఒకటి ఎక్కువ రావాలి. నా పుస్తకానికి ఆ మొత్తం 25. అన్నిటికన్నా బయటి కాగితం మీద ఒకవైపు 24, 1 పడతాయి, వెనుకవైపు 2, 23. అన్నిటికన్నా లోపలి కాగితంలో ఒకవైపు 14, 11, రెండోవైపు 12, 13. తెరిచినప్పుడు పక్కపక్కన కనిపించే రెండు పేజీలు అతుకు లేకుండా ఒకే కాగితం మీద ఉండేది ఈ 12, 13 దగ్గర మాత్రమే. మిగతా అన్నిచోట్లా ఎడమ పేజీ ఒక కాగితానిది, కుడి పేజీ మరో కాగితానిది కనుక గీతలు కలవడం యంత్రం దయ మీద ఆధారపడుతుంది. కాబట్టి పుస్తకంలోని అతి పొడవైన బొమ్మ, బోర్డు మొత్తం కనిపించే బొమ్మ, నడుమనే రావాలి. కథలో ఆ బోర్డు ఎప్పుడు పూర్తవ్వాలో కూడా దీనితోనే తేలిపోయింది. కాగితపు మడతలే కథకు మలుపులు నిర్ణయించడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన అంశం.

ఆగస్టు, రెండో వారం

ఈ నెల ఇప్పటిదాకా అక్షరాలతోనే గడిచింది.

బొమ్మలను ఏ4 మీద గీసి, జిరాక్స్‌లో 71 శాతానికి తగ్గించి ఏ5కు తెస్తున్నాను. అర మిల్లీమీటరు గీత తగ్గాక దాదాపు 0.35 మిల్లీమీటర్లు అవుతుంది. గీతకు అది మేలే చేస్తుంది, చిన్న వణుకులు కనిపించవు. అక్షరాల సంగతి అలా కాదు. ఆంగ్ల కామిక్స్‌లో మాటలన్నీ క్యాపిటల్ అక్షరాల్లోనే రాసే సంప్రదాయం ఉంది. ఆ అక్షరాలన్నిటికీ తల ఒకే ఎత్తులో, పాదం ఒకే మట్టంలో ఉంటుంది కాబట్టి వరసలను దగ్గరగా పేర్చవచ్చు. తెలుగు వరసకు మూడు అంతస్తులు కావాలి. నడుమ అక్షరం, పైన గుడి, కింద ఒత్తు. ‘స్త్రీ’ అని రాస్తే కింద రెండు ఒత్తులు, పైన గుడిదీర్ఘం. పై వరసలోని ఒత్తు కింది వరసలోని గుడికి తగిలితే రెండు మాటలూ పోతాయి.

కొలతలు వేసి చూశాను. అసలు బొమ్మ మీద అక్షరం పొట్ట 5 మిల్లీమీటర్లు ఉంటే, తగ్గాక 3.5 అవుతుంది. అంతకంటే చిన్నదైతే పెద్ద వయసువాళ్లు చదవలేరు. పైన, కింద వదలాల్సిన చోటు కలుపుకుంటే వరసకు 12 మిల్లీమీటర్లు పడుతుంది. మూడు వరసల మాటకు 36. పేజీకి ఆరు గడులు, అంటే మూడు వరసల్లో రెండేసి గడులు వేస్తే, అంచులు పోగా గడి ఎత్తు సుమారు 90. మాటే ఐదింట రెండు వంతులు తినేస్తే చేతులకు, బోర్డుకు చోటేది? అందువల్ల పేజీకి నాలుగు గడులకు మించకూడదని నిర్ణయించాను. మాటలు కూడా బుడగకు రెండు వరసలకు కుదించాను. మామ పెద్దగా మాట్లాడే మనిషి కాదు కాబట్టి కథకు లోటు రాలేదు.

తగ్గించిన తర్వాత వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. ‘ఠ’, ‘థ’ నడుమ చుక్కలు, ‘ఘ’, ‘ఝ’ లోపలి సందులు జిరాక్స్ పొడితో పూడుకుపోతాయి. ‘ద’, ‘ధ’, ‘థ’ ఒకదానికొకటి దగ్గరగా ఉండే రూపాలు కాబట్టి సందు పూడితే మాట మారిపోతుంది. మామకు పరీక్ష కాపీ చూపించాను. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకోకుండా, చేయి చాచి దూరంగా పట్టుకొని చూశారు. బోర్డును రోడ్డుకు అవతలి వైపు నుంచి చూడడం అలవాటు కదా.

“పొట్ట పెద్దది చెయ్యి, గీత సన్నం చెయ్యి. లోపల తెలుపు ఉండాల. తెలుపే పాపా చదివేది.”

ఈ ఒక్క సలహాతో నా చేతిరాత మారింది. 0.5 పెన్ను వదిలి 0.3 పట్టుకున్నాను, గుండ్రాలను వెడల్పు చేశాను, ‘థ’లో చుక్కను కొంచెం పైకి జరిపాను. కంప్యూటర్ ఫాంటు వాడితే సులువు కదా అని ఇద్దరు ముగ్గురు స్నేహితులు అడిగారు. తెలుగులో అందమైన ఫాంట్లు ఉన్నాయి, బాపు గారి చేతిరాతే ఫాంటుగా మారి పెళ్లిపత్రికల మీదికి, బోర్డుల మీదికి ఎక్కింది. అయినా ఈ పుస్తకంలో అది కుదరదు. చేత్తో అక్షరం రాసి బతికిన మనిషి కథలో అక్షరాలు యంత్రం రాస్తే, బొమ్మ ఒకటి చెబుతూ మాట దాన్ని కాదంటూ ఉంటుంది.

ఆగస్టు చివర

నడిమి పేజీల కోసం లేపాక్షి వెళ్లాను. జిల్లాల విభజన తర్వాత అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ, అనంతపురం వాళ్లకు ఇప్పటికీ మన లేపాక్షే. హిందూపురం దాటాక దగ్గరే. వీరభద్రాలయం మంటపం పైకప్పు మీద పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో వేసిన చిత్రాలు పొడవాటి పట్టీలుగా ఉంటాయి. మెడ వెనక్కి వాల్చి ఒక కొస నుంచి మరో కొసకు నడుస్తూ చదవాలి.

నేను చూడాలనుకున్నది కిరాతార్జునీయం. అర్జునుడు తపస్సు చేస్తాడు, పంది వస్తుంది, కిరాతుడి వేషంలో ఉన్న శివుడితో పోరు జరుగుతుంది, చివరికి పాశుపతం దక్కుతుంది. అదే అర్జునుడు ఒకే పట్టీలో మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. ఇది మరో క్షణం అని చెప్పడానికి ప్రతిసారీ గడి గీయనక్కరలేదు. మనిషి నిలబడిన తీరు మారితే కాలం మారిందని కన్ను తానే తెలుసుకుంటుంది. నల్లని గీతతో ఆకారాన్ని చుట్టి, లోపల రంగు నింపిన విధానం కూడా బోర్డు రాతకు దగ్గరగానే ఉంది.

ఇంటికి రాగానే 12, 13 పేజీలను కలిపి ఏ3 కాగితం మీద ఒకే బొమ్మగా వేశాను. పొడవునా ఒకటే బోర్డు. దాని ముందు మామ ఐదుచోట్ల ఉన్నారు. ఎడమ కొసన దారం మీటుతూ, తర్వాత సుద్దతో వంగి, నడుమ గుండ్రాలు రాస్తూ, ఇంకొంచెం కుడిగా స్టూలెక్కి తలకట్లు పెడుతూ, కుడి కొసన కిందికి దిగి బోర్డును దూరం నుంచి చూస్తూ. వెలుగు ఎడమన వేకువది, కుడిన పదకొండు గంటలది. నీడలు అందుకు తగ్గట్టు పొడవు నుంచి పొట్టికి మారతాయి. నడిమి మడత మీద పిన్నులు రెండుచోట్ల పడతాయి కాబట్టి నడిమి మామను మడతకు కొంచెం ఎడమగా జరిపాను, ఆయన చేయి ఒక్కటే మడతను దాటుతుంది. పుస్తకంలో నాకు అత్యంత తృప్తినిచ్చిన బొమ్మ ఇదే.

సెప్టెంబరు

డబ్బు గురించిన పేజీలు గీశాను.

ఒకప్పుడు మామ అక్షరం లెక్కన తీసుకునేవారు. ఒత్తులకు, గుడులకు వేరే డబ్బు లేదు. ‘శ్రీ’కి ఎంతో ‘ప’కీ అంతే. నీడ వేస్తే, అంటే అక్షరానికి ఒక పక్కన మందంగా మరో రంగు పెడితే, దానికి అదనం. ఫ్లెక్స్ వచ్చాక చదరపు అడుగు లెక్క వచ్చింది. సాయంత్రం చెబితే తెల్లారేసరికి దుకాణం ముందు వేలాడుతుంది, యజమాని ఫోటో కూడా పడుతుంది. దుకాణదారులను తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, వాళ్లకు త్వరగా, చౌకగా కావాలి. ఎన్నికలప్పుడు గోడరాతలకు రాత్రింబవళ్లు పిలుపులొచ్చిన రోజుల నుంచి, వారానికి ఒక పని దొరికే రోజుల దాకా మామ కుంచెల డబ్బా మాత్రం అదే. తత్సుమి పుస్తకం చదవకపోయి ఉంటే ఈ లెక్కలను కథలోకి తెచ్చేదాన్ని కాదేమో. ఒక పేజీ మొత్తాన్ని మామ జేబు పుస్తకంలోని లెక్కల కాగితంలా వేశాను. ఎడమవైపు పని, కుడివైపు రూపాయలు. బొమ్మ లేదు. ఆ పేజీ దగ్గర చదువరి కాసేపు ఆగాలని నా కోరిక.

అక్టోబరు

అచ్చు పనులు. దసరా ముందు జిరాక్స్ దుకాణాలన్నీ రద్దీగా ఉంటాయి కాబట్టి పండుగ అయ్యాక మొదలుపెట్టాను.

జిరాక్స్ యంత్రం కాగితం అంచుల వద్ద నాలుగైదు మిల్లీమీటర్లు అచ్చు వేయదు. అందుకే గడులన్నీ లోపలికి జరిపి, చుట్టూ తెల్ల అంచు ముందే వదిలాను. పెద్ద నలుపులు మచ్చలుగా వస్తాయి, అందువల్ల రాత్రి గోడరాతల పేజీలో ఆకాశాన్ని నల్లగా నింపకుండా దగ్గర దగ్గర అడ్డగీతలతో వేశాను. ఇక నలుపు మడత మీదుగా పోతే మడిచినచోట పొడి రాలి తెల్లని చార పడుతుంది. ఇవన్నీ తెలిసిన దుకాణంలో ముందుగా ఒక్క కాగితం రెండువైపులా తీయించి, మడిచి చూసుకుంటే తేలిపోయే విషయాలే.

70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువున్న) కాగితం మీద వెనుక పేజీ గీతలు తొంగిచూశాయి. 100 జీఎస్‌ఎం మ్యాప్‌లితో రకం కాగితం మీద నలుపు నిలిచింది, మడత కూడా బాగా పడింది. ఆరు కాగితాలను ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే లోపలివి బయటికి కొంచెం పొడుచుకొస్తాయి, పిన్ను కొట్టాక కటింగ్ మిషన్‌లో అంచు కోయిస్తే సరిపోతుంది. కోతలో పోయే చోటును పేజీ నంబర్ల పక్కన లెక్కలో పెట్టుకోవాలి.

అట్ట మాత్రం జిరాక్స్ కాదు. పెళ్లిపత్రికలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర రెండు రంగుల్లో వేయించాను. పేరును మామ చేతనే కుంచెతో తెల్లకాగితం మీద రాయించుకున్నాను. ఎర్ర అక్షరాలు, నల్ల నీడ. ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్మ్ కావాలి కాబట్టి అక్షరం ఒక కాగితం మీద, నీడ ట్రేసింగ్ కాగితం మీద విడివిడిగా రాశారు. రెండూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చునేందుకు నాలుగు మూలలా చిన్న అడ్డనిలువు గుర్తులు పెట్టుకున్నాం. ముందు ఎరుపు వేసి, ఆరబెట్టి, తర్వాత నలుపు. నీడను అక్షరం కిందికి ఒక వెంట్రుకవాసి చొప్పించి రాయడం వల్ల రెండు రంగుల మధ్య తెల్లని సందు ఎక్కడా కనిపించలేదు. ఇది మామకు రేకు మీద ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. అదే అలవాటు స్క్రీన్ ప్రింటింగ్‌లోనూ పనికి రావడం చూసి, ప్రింటింగ్ చేసే అన్న “ఈ ఫిల్మ్ నాకియ్యండి మామా, పిల్లోల్లకు సూపించాల” అని అడిగి ఉంచుకున్నారు.

నవంబరు

పుస్తకాలకు పిన్ను కొట్టడం అయింది. ధర 30 రూపాయలు పెట్టాను. కాగితం, జిరాక్స్, అట్ట, కోత ఖర్చు పోగా తర్వాతి విడతకు కాస్త మిగలాలి, అంతకు మించి ఆశ లేదు.

మామ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా మాట్లాడకుండా తిప్పారు. లెక్కల పేజీ దగ్గర కళ్లజోడు పెట్టుకున్నారు. నడిమి బొమ్మ దగ్గర కొసన నిలబడి చూస్తున్న మనిషిని వేలితో చూపించి, “ఈడ నేను ఇంగా రోంత ఎనక్కి పోతా పాపా, రోడ్డు దాటి సూస్తా” అన్నారు. అది కాగితం పొడవుకు అందని దూరం. రెండో విడతలో చివరి పేజీని అందుకు వాడుకోవాలనుకుంటున్నాను. రోడ్డుకు అవతలి వైపు నుంచి, ఆటోల మధ్యగా కనిపించే బోర్డు ఒక్కటే ఉంటుంది.

కొన్ని కాపీలు మామకు తెలిసిన రంగుల దుకాణంలో పెట్టాం. కుంచెలు కొనడానికి వచ్చేవాళ్లలో ఇంకా బోర్డులు రాసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ పుస్తకం చేరడం నాకు అన్నిటికన్నా ముఖ్యం. మరికొన్ని స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర, ఇంకొన్ని ఆఫీసులో. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు ఒక కట్ట తీసుకెళ్లాను. తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు తగ్గాక ఆ చేతులు తోలు దీపాల గొడుగుల వైపు మళ్లాయి. మేకతోలును పారదర్శకంగా గీకడం, ఉలితో చిల్లులు కొట్టడం చూస్తూ కూర్చుంటే మరో 24 పేజీలు కళ్ల ముందు కనిపించాయి. నలుపు తెలుపుల జిరాక్స్‌లో వెలుతురు దాటే తోలును ఎలా చూపాలన్నది తేల్చుకున్నాకే దాన్ని మొదలుపెడతాను.

అంతకంటే ముందు ఒక చిన్న పని ఉంది. వరల్డ్ కామిక్స్ ఇండియా అనే సంస్థ వాళ్లు ఊళ్లలో సామాన్యుల చేత గీయించే గోడ కామిక్ పద్ధతి చాలా సులువైనది. రెండు ఏ4 కాగితాలు అతికించి, నాలుగు గడుల్లో ఒక కథ వేసి, జిరాక్స్ తీసి గోడకు అంటిస్తారు. మామ గోడ రాసిన బడిలోనే పిల్లలకు ఈ పద్ధతిలో, ఇంట్లోవాళ్లు చేసే పనిని నాలుగు గడుల్లో గీయించడానికి డ్రాయింగ్ మాస్టారు ఒప్పుకున్నారు. బుడగల్లో అక్షరాలు ఎలా రాయాలో చెప్పడానికి మామ వస్తానన్నారు. దారం, సుద్దపొడి తెస్తారట. సంక్రాంతి సెలవులకు ముందు శనివారం అనుకున్నాం, కాగితాలు కొని పెట్టాను.